వైఫై చిప్పు గుట్టు ఎవరి సొత్తు?

పాత ల్యాప్‌టాప్‌లో డెబియన్ వంటి స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎక్కించుకోవడానికి చాలామంది వెనుకాడుతుంటారు. మా అనుభవంలో చిక్కు డెబియన్‌ది కాదు, వైఫై చిప్పుది. ఆ చిప్పు పనిచేయాలంటే ఫర్మ్‌వేర్ అనే చిన్న ప్రోగ్రాము అందులోకి చేరాలి. దాని సోర్స్ కోడ్‌ను తయారీదారులు తరచూ బయటపెట్టరు. అటువంటిది తమ అధికారిక ఇన్‌స్టాలర్‌లో ఉండరాదని డెబియన్ వారు ఏళ్ల తరబడి పట్టుబట్టారు. నియమం గొప్పదే. కాని నెట్ కేబులు లేని ఇంట్లో ఆ ఫర్మ్‌వేర్‌ను దించుకోవడానికి కావలసినది వైఫైయే కదా! మేమొకమారు పెన్‌డ్రైవ్ పట్టుకొని నెట్ సెంటరుకు రెండుసార్లు తిరిగాము.

2022లో డెబియన్ సభ్యులు ఓటు వేసి ఆ పట్టు సడలించారు. 2023 జూన్‌లో వెలువడిన డెబియన్ 12 నుండి ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌లోనే లభిస్తున్నది, వద్దనుకున్నవారు ఆపుకోవచ్చు. ఇది సిద్ధాంతభంగమన్న వారితో మేము ఏకీభవించము. నిందించవలసింది, డబ్బిచ్చి కొన్నవారికే వస్తువు వివరాలు దాచే తయారీదారులను.

2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 32 బిట్ల పాత పీసీలకు ఇన్‌స్టాలరే లేదు. కనుక పాత యంత్రం కొనేవారు అది 64 బిట్లదేనా అని ముందే అడగాలి. లైవ్ పెన్‌డ్రైవ్‌తో దుకాణంలోనే నడిపించి, వైఫై, శబ్దం, టచ్‌ప్యాడ్ చూసుకొన్న తరువాతే పైకం చెల్లించాలి.