ఉల్లిపొరను చూశారు సరే, ఉల్లిని చూశారా?

ఎనిమిదో తరగతి దాటినవాళ్ళలో ఉల్లిపొరను సూక్ష్మదర్శినిలో చూడనివాళ్ళు, పోనీ దాని బొమ్మయినా గీయనివాళ్ళు ఉండరు. గడ్డను కోయడం, లోపలి పొరను ఫోర్సెప్స్‌తో లాగి గాజుపలకమీద పరచడం, ఒక చుక్క రంగు వేయడం, ఇటుకలు పేర్చినట్లున్న కణాలను చూసి "సార్, కనబడ్డయ్!" అని కేక వేయడం - ఇదంతా ఒక పీరియడులో అయిపోతుంది. మిగిలిన గడ్డ మధ్యాహ్న భోజనం వండే అమ్మ దగ్గరికి పోతుంది. ఆ గడ్డ నేలలో ఎన్నాళ్ళు పెరిగింది, అది వేరా, కాండమా, ఆకా అని నేనడిగితే మాత్రం క్లాసంతా నిశ్శబ్దం!

ఈ పాఠాన్ని ఒక పీరియడులో కాక ఆరు నెలలపాటు చెప్పాలన్నది నా అభిప్రాయం. అంటే బడి ఆవరణలోనో ఇంటి పెరట్లోనో ఒక్క చదరపు మీటరు మడి కట్టి, విత్తనంనుంచి గడ్డదాకా ఉల్లిని పెంచి చూడాలి. దీనిమీద తోటి ఉపాధ్యాయులు నాతో చాలాసార్లు వాదించారు. ఒక రైతు నన్ను గట్టిగా నిలదీశాడు కూడా. ఆ సంగతి తరువాత చెబుతాను.

ముందు నా ప్రశ్నకు జవాబు. ఉల్లిగడ్డను నిలువుగా రెండు చెక్కలు చేయండి. అడుగున బిళ్ళలాంటి చిన్న ముక్క ఉంటుంది. కాండం అదే! దాని కిందినుంచి వేళ్ళు, పైనుంచి ఆకులు పుడతాయి. ఆ ఆకుల అడుగుభాగాలు ఆహారాన్ని దాచుకొని ఉబ్బి, ఒకదానిమీద ఒకటి ముసుగు వేసుకున్నట్లు అమరుతాయి. వృక్షశాస్త్రంలో దీన్ని లశునం అంటారు. కాబట్టి మనం కూరలో వేసుకునేది ఆకునే.

ఇక్కడొక చిన్న ప్రయోగం చేయండి. ఆలుగడ్డ ముక్కమీద అయోడిన్ చుక్క వేస్తే అది నల్లటి నీలంరంగుకు తిరుగుతుంది. ఉల్లిముక్కమీద వేయండి, ఆ రంగు రాదు. ఉల్లి తన ఆహారాన్ని పిండిపదార్థంగా కాక చక్కెరలుగా, చక్కెర అణువులు గొలుసు కట్టిన ఫ్రక్టాన్లుగా దాచుకుంటుంది. మరి చక్కెర దాచుకున్నది తియ్యగా ఉండక కళ్ళెందుకు మండిస్తుంది? కత్తి తగిలి కణాలు చిట్లినప్పుడు, అప్పటిదాకా వేరువేరు అరల్లో ఉన్న గంధకపు సమ్మేళనాలూ ఎంజైములూ కలుస్తాయి. చివరకు ఒక వాయువు పుట్టి కంటి తడిలో కరుగుతుంది. ఈ వాయువు తయారీకి ప్రత్యేకంగా మరో ఎంజైము పనిచేస్తుందని జపాను శాస్త్రజ్ఞులు 2002లో కనిపెట్టారు. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఒకచోట నేలలో గంధకం తక్కువ. అక్కడ పండే విడాలియా ఉల్లి అందుచేతనే తియ్యగా ఉంటుందట. నేల మారితే ఘాటు మారుతుందన్నమాట.

"బడితోటలో వంకాయో టమాటానో పెంచితే పోదా, ఉల్లే ఎందుకు?" అంటారు కొందరు. వేసవి సెలవుల్లో వాటికి నీళ్ళు పోసేదెవరు? జూన్‌లో బడి తెరిచేసరికి ఎండిన పుల్లలే మిగులుతాయి. యాసంగి ఉల్లి అలా కాదు. దసరా సెలవులు అయ్యాక నారు పోస్తే ఆరేడు వారాలకు, అంటే డిసెంబరు మొదట్లో నాటుకోవచ్చు. మార్చి ఆఖరుకో ఏప్రిల్ మొదటి వారానికో గడ్డ చేతికొస్తుంది. బడి క్యాలెండరు చూసి పుట్టిన పంటలా ఉంటుంది!

దీని వేళ్ళు జానెడు లోతును మించి పెద్దగా పోవు కనుక కొద్దిపాటి మట్టి చాలు. భూపాలపల్లిలో పనిచేసినప్పుడు బొగ్గుగని కార్మికుల క్వార్టర్లనుంచి వచ్చే పిల్లలు, పెరడు లేక, పాత సిమెంటు సంచులను సగానికి మడిచి మట్టి నింపి ఉల్లి నాటారు. బాగానే ఊరాయి. వేళ్ళు పైపైనే ఉంటాయి కాబట్టి నీళ్ళు తక్కువ తక్కువగా, తరచుగా ఇవ్వాలి. ఆకులు నిటారుగా పెరిగి నేలకు నీడనివ్వవు, అందుచేత కలుపు ఊరుకోదు. దాన్ని చేత్తో తీయాల్సిందే. వరుసకూ వరుసకూ 15 సెంటీమీటర్లు, మొక్కకూ మొక్కకూ 10 సెంటీమీటర్లు వదిలితే చదరపు మీటరుకు ఎన్ని మొక్కలు పడతాయో మీరే లెక్కకట్టండి. విత్తనం మాత్రం ఆ ఏడాదిదే కావాలి. ఉల్లి విత్తనానికి ఆయుష్షు తక్కువ, ఏడాది దాటితే మొలకలు బాగా తగ్గిపోతాయి. వంటింట్లో మొలకెత్తిన గడ్డను పాతిపెట్టి కొత్త గడ్డ కోసం ఎదురుచూసేవాళ్ళున్నారు. దానినుంచి కాడలు వస్తాయి, పూలగుత్తి వస్తుంది, పాతగడ్డ మాత్రం కుంచించుకుపోతుంది. ఉల్లి మొదటి ఏడు గడ్డ, రెండో ఏడు పువ్వు.

విత్తనం సంగతి వచ్చింది కాబట్టి నేను మోసపోయిన కథ కూడా చెప్పాలి. నన్నెవరూ మోసం చేయలేదు, నా అజ్ఞానమే చేసింది. అప్పుడు జనగామ దగ్గర పనిచేస్తున్నాను. అమెరికాలో ఉద్యోగం చేసే మా బంధువుల అబ్బాయి సెలవులకు వస్తూ ఒక విత్తనాల పొట్లం తెచ్చాడు. పొట్లంమీద రెండు పిడికిళ్ళంత పసుపుపచ్చ ఉల్లిగడ్డ బొమ్మ! (అనుమతి లేకుండా విదేశీ విత్తనాలు తేకూడదనీ, వాటివెంట కొత్త తెగుళ్ళు రావచ్చుననీ సైన్సు మాస్టరునై ఉండి కూడా నాకప్పుడు తట్టలేదు.) బడి వెనుక ఎర్రచెలకలో మడి కట్టి నాటించాను. ఆకులు మోకాలెత్తు పెరిగాయి. మార్చి వచ్చింది, పీకి చూస్తే వేలు లావు మెడ తప్ప గడ్డ లేదు. బలం చాలలేదనుకొని యూరియా వేశాను. ఆకులు ఇంకా పెరిగాయి. ఏప్రిల్‌లోనూ గడ్డ లేదు. పిల్లలు నవ్వు ఆపుకోలేకపోయారు.

కారణం మట్టిలో కాదు, ఆకాశంలో ఉంది. పగటి పొడవును బట్టి మొక్కలు పూతకు వస్తాయని గార్నర్, అల్లార్డ్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు పొగాకు, సోయా మొక్కలతో పరిశోధించి 1920లో ప్రకటించారు. ఉల్లి గడ్డకట్టడానికి కూడా పగటి పొడవే లెక్క. మన ప్రాంతపు రకాలకు పదకొండు, పన్నెండు గంటల పగలు చాలు. చలిదేశాల రకాలకు పద్నాలుగు గంటలైనా కావాలి. అమెరికా ఉత్తరాన జూన్‌లో పగలు పదిహేనున్నర గంటలదాకా సాగుతుంది. మరి మన దగ్గర? పిల్లలు క్యాలెండరులోని సూర్యోదయ సూర్యాస్తమయాలు తీసి లెక్కవేశారు. ఏడాది మొత్తంమీద జనగామలో అన్నిటికంటే పొడవైన పగలు సుమారు 13 గంటల 10 నిమిషాలు, అంతే! వందేళ్ళు నీళ్ళు పోసినా ఆ మొక్క గడ్డ కట్టదు. గడ్డ రాకపోయినా ఆ మడి నాకు నేర్పినంత ఏ మంచి పంటా నేర్పలేదు. అందుకే గడ్డ సైజు చూసి మార్కులు వేయకూడదంటాను. నోటుబుక్కు చూసి వేయాలి.

ఇక రైతు సంగతి. అది మహబూబాబాద్ వైపు, అప్పటికి జిల్లాలు విడిపోలేదు, అంతా వరంగల్ జిల్లానే. ఆలస్యంగా వచ్చినవాళ్ళచేత ఉల్లిమడిలో కలుపు తీయించడం నాకు అలవాటు. ఒక కుర్రవాడు వారంలో మూడుసార్లు దొరికాడు, మూడుసార్లూ కలుపు తీశాడు. నాలుగోనాడు వాళ్ళ నాయన వచ్చి నిలబడ్డాడు.

"సారూ, కరెంటు తెల్లారగట్ల వస్తది. పొలగాడు మిరపచేనుకు నీళ్ళు గట్టి బడికొస్తుండు. ఈ మట్టి నుంచి తప్పియ్యాల్ననే వాన్ని బడికి తోలుతున్న. మీరు గూడ గడ్డే పీకమంటే ఇగ బడెందుకు?"

నాకు మాట రాలేదు. ఆయన అన్నదాంట్లో న్యాయముంది. మట్టిపనిని నేనే శిక్షగా మార్చాను. శిక్షగా పీకే గడ్డిలో సైన్సు ఏముంటుంది? ఆ రోజునుంచి మా మడిలోకి ఎవరూ శిక్షగా దిగలేదు. సగం మడిలో కలుపు తీసి సగంలో వదిలేశాం. ఎందులో ఎన్ని గడ్డలు, ఎంత బరువు అన్నది రాసే బాధ్యత ఆ కుర్రవాడికే ఇచ్చాను. కలుపు వదిలిన సగంలో గడ్డలు గోలీలంత వచ్చాయి.

మార్చిలో ఆ రైతే ఒకనాడు ఫీజు విషయమై బడికి వచ్చి మడి దగ్గర ఆగాడు. వంగి మొక్క మెడ పట్టుకొని నొక్కి, "ఇగ నీళ్ళు బందు పెట్టుండ్రి సారూ, మెడ మెత్తబడ్డది" అన్నాడు. బి.ఇడి.లో నాకెవరూ చెప్పని పాఠమది! గడ్డ నిండాక కొత్త ఆకులు రావడం ఆగిపోతుంది. మెడ లోపల బోలుగా, మెత్తగా అయి ఆకులు వాటంతటవే పడిపోతాయి. సగం మొక్కలు అలా వాలితే యాసంగి పంట పీకవచ్చు. అంతకు పదీ పదిహేను రోజుల ముందే నీళ్ళు ఆపితే పైపొరలు ఎండి కాగితంలా బిగుసుకుంటాయి. ఆశకొద్దీ చివరిదాకా నీళ్ళు పోస్తే మెడ పచ్చిగా ఉండి, అందులోనుంచి తెగులు దిగి గడ్డ కుళ్ళుతుంది. వానాకాలపు పంటలో ఆకులు ఇలా వాలవు సుమా, అక్కడ గడ్డ రంగు, సైజు చూడాలి.

ఆ రైతు అడిగిన ప్రశ్నకు పూర్తి జవాబు నా దగ్గర నేటికీ లేదు. 2019 డిసెంబరులో పట్టణాల్లో ఉల్లి కిలో వంద రూపాయలు దాటింది. అంతకుముందు సెప్టెంబరులోనే ప్రభుత్వం ఎగుమతులు ఆపింది. ధర పడిపోయిన ఏడు అదే ఉల్లిని మార్కెట్టుకు తెచ్చిన రైతుకు బండి కిరాయి కూడా రాదు. కొడుకు మట్టిలో ఉండకూడదని తండ్రి కోరుకోవడం తప్పు కాదు. ఆ మడి వాణ్ణి రైతును చేయడానికి కాదు, తండ్రి వేళ్ళకు తెలిసినదాన్ని కొడుకు కాగితంమీద కారణంతో సహా రాయడానికి అని మాత్రం నేను చెప్పగలను. దానికి ఆయన ఒప్పుకున్నాడని కూడా చెప్పలేను.

పీకిన గడ్డలను మూడు నాలుగు రోజులు మడిలోనే ఉంచండి. ఒక వరుస గడ్డలమీద పక్క వరుస ఆకులు కప్పేట్లు పరిస్తే ఎండ నేరుగా తగలదు. తరువాత రెండు సెంటీమీటర్ల మెడ వదిలి ఆకులు కోసి, పదీ పన్నెండు రోజులు నీడలో గాలి తగిలేచోట ఆరబెట్టండి. మెడ లావుగా ఉన్నవీ, దెబ్బ తగిలినవీ ముందు వాడేయండి. మంచివి పది ఏరి, వాటిమీద అంకెలు రాసి, వలసంచిలో వేసి వసారాలో వేలాడదీయండి. ఆదివారం ఆదివారం ఒక్కొక్కదాన్ని కిరాణా కొట్టు త్రాసులో తూచి రాసుకోండి. జూన్‌లో బడి తెరిచిననాడు పదిలో ఎన్ని మిగిలాయో, ఏ అంకె గడ్డ ఎంత బరువు పోగొట్టుకుందో, మెడ సన్ననిదో లావుదో మీ నోటుబుక్కు తెచ్చి మీ సైన్సు మాస్టరుకు చూపించండి.