బండి కడిగే పనికి ముందు వాడుక, తరువాత అప్పు

వ్యవసాయం ఏడాది పొడవునా చేతినిండా పని చూపదు. నాట్లకు, కలుపుకు, కోతలకు మధ్య ఖాళీ రోజులు ఉంటాయి. పాడి ఉన్న ఇంట్లో సైతం ఉదయం పాలు పోసి వచ్చిన తరువాత రెండు మూడు గంటల తీరిక చిక్కుతుంది. ఆ తీరికను ఆదాయంగా మార్చుకోవాలనుకునే యువకులను ఇటీవల ఒక పని ఆకర్షిస్తోంది. సామగ్రిని మోటారు సైకిలుపై వేసుకొని యజమాని ఇంటి ముంగిటికే వెళ్లి, కారునో ఆటోనో ట్రాక్టరునో లోపలా బయటా శుభ్రం చేసి ఇచ్చే పని అది. నగరాలలో దీనినే కార్ డీటెయిలింగ్ అంటున్నారు.

ఈ పనికి గిరాకీ ఉన్నమాట నిజమే. మండల కేంద్రంలోని ఉపాధ్యాయులు, వైద్యులు, వర్తకులు, ఉద్యోగులు వాహనాలు కొంటున్నారు గాని వాటిని కడుక్కునే తీరిక వారికి లేదు. రోడ్డు పక్కన ఉన్న వాటర్ సర్వీసింగ్ షాపుకు తీసుకుపోతే వంతు కోసం వేచి ఉండవలసి వస్తుంది. కనుక ఇంటికి వచ్చి కడిగే మనిషి దొరికితే వారికి ఎంతో సౌకర్యం.

అయితే గిరాకీ కనిపించగానే బ్యాంకు మెట్లెక్కి, దొరికినంత ఋణం తీసుకొని, యంత్రాలన్నీ కొని, ఆ తరువాత బండ్ల కోసం వెతకడం సరియైన పద్ధతి కాదు. ముందు వాడుక ఏర్పడాలి, ఆ వాడుక మోయగలిగినంత అప్పు మాత్రమే తరువాత రావాలి అని నా అభిప్రాయం.

వాడుక అనే మాట పాడి రైతులకు కొత్త కాదు. రోజూ ఒకే ఇంటికి పాలు పోసి నెలకొకసారి డబ్బు తీసుకోవడం వాడుక. బండి కడిగే పనిని కూడా అదే విధంగా ఆలోచించండి. దసరా ఆయుధపూజకు ముందు రెండు రోజులు, సంక్రాంతికి నగరాల నుంచి బంధువుల కార్లు ఊరికి వచ్చే నాలుగు రోజులు ఎవరికైనా పని దొరుకుతుంది. పండుగ గిరాకీని చూసి వాయిదా లెక్క వేసుకున్నవారు మిగతా నెలల్లో ఇబ్బంది పడతారు. వారానికి ఒకసారి చొప్పున నెలకు నాలుగుసార్లు కడిగించుకునే ఇళ్లు పదో పన్నెండో కుదిరినప్పుడే అది వృత్తి అనిపించుకుంటుంది.

వాడుక కుదుర్చుకోవడానికి యంత్రం అక్కరలేదు. రెండు బకెట్లు, మెత్తని మైక్రోఫైబర్ గుడ్డలు, కారు షాంపూ, ఒక బ్రష్షు చాలు. ఒక బకెట్టులో షాంపూ నీరు, రెండవ దానిలో గుడ్డను జాడించే మంచినీరు ఉంచండి. జాడించకుండా అదే గుడ్డతో తుడిస్తే ఇసుక రేణువులు రంగుపై గీతలు పెడతాయి. బట్టల సబ్బు పొడి వాడితే రంగుపై ఉన్న మైనపు పూత పోయి మెరుపు తగ్గుతుంది. ఎండలో నిలిపిన బండిని కడిగితే సబ్బు అక్కడికక్కడే ఎండి మరకలు కడుతుంది. బోరు నీటిలో ఉప్పు ఎక్కువగా ఉన్న ప్రాంతాలలో బండిని వెంటనే పొడిగుడ్డతో తుడవకపోతే తెల్ల చుక్కలు మిగిలిపోతాయి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. రెండు మూడు నెలలు సొంత ఊరిలో ఈ విధంగా పనిచేసి పేరు తెచ్చుకోండి. పాలిషింగ్ యంత్రం జోలికి అప్పుడే పోవద్దు. చేయి తిరగనివారు దానిని ఒకే చోట ఎక్కువసేపు నిలిపితే రంగు కాలిపోతుంది. ఆ నష్టానికి ఏడాది సంపాదన కూడా చాలకపోవచ్చు.

ఇక అప్పు లెక్క చూడండి. ఇది ఉదాహరణ మాత్రమే. మీ ఊరి ధరలను బట్టి అంకెలు మార్చుకోండి. పన్నెండు కార్లు వాడుకగా కుదిరాయనుకుందాం. ఒక్కొక్కటి నెలకు నాలుగుసార్లు, సారికి 150 రూపాయల చొప్పున నెలకు 7,200 రూపాయలు వస్తాయి. షాంపూ, గుడ్డలకు 600, పెట్రోలుకు 1,000, యంత్రం మరమ్మతు నిధికి 300 తీసివేస్తే 5,300 మిగులుతుంది. ప్రెషర్ వాషర్, వాక్యూమ్ క్లీనర్, గొట్టాలు, వైర్ల కోసం 40,000 రూపాయలను 12 శాతం వడ్డీకి రెండేళ్ల గడువుతో తీసుకుంటే నెల వాయిదా సుమారు 1,883 రూపాయలు. ఇంటికి 3,400 రూపాయలకు పైగా మిగులుతుంది.

ఇప్పుడు వానాకాలం లెక్క వేయండి. కడిగిన బండి సాయంత్రానికే బురదవుతుంది కనుక యజమానులు పని వాయిదా వేస్తారు. అదే సమయంలో నాట్లు వచ్చి మీకూ తీరిక ఉండదు. రాబడి సగమై 3,600 వచ్చిందనుకుందాం. తగ్గిన ఖర్చులు 1,200 పోగా మిగిలేది 2,400. 40,000 అప్పయితే వాయిదా కట్టిన తరువాత చేతిలో 517 రూపాయలు ఉంటాయి. కష్టమే గాని గట్టెక్కవచ్చు. అదే మనిషి జనరేటరు, పాలిషింగ్ యంత్రం కూడా కలుపుకొని 80,000 తీసుకొని ఉంటే వాయిదా సుమారు 3,766 రూపాయలు. అప్పుడు ప్రతి వాన నెలలోనూ 1,366 రూపాయలు లోటు. ఆ లోటును ధాన్యం డబ్బుతోనో, చేబదులుతోనో పూడ్చవలసి వస్తుంది. కనుక అప్పు పరిమితిని మంచి నెలను చూసి కాక చెడ్డ నెలను చూసి నిర్ణయించుకోవాలి.

ఈ పాఠం మన ప్రాంతానికి కొత్త కాదు. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మ ఋణాల సంక్షోభం ముదిరి, ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఒకే కుటుంబం పలుచోట్ల అప్పులు తీసుకోవడం, రాబడితో నిమిత్తం లేకుండా వారం వారం వాయిదాలు కట్టవలసి రావడం ఆ సంక్షోభానికి ముఖ్య కారణాలు.

2015 ఏప్రిల్‌లో ప్రారంభమైన ప్రధానమంత్రి ముద్రా యోజనలో శిశు తరగతి కింద 50,000 రూపాయల వరకు తాకట్టు లేకుండా ఋణం లభిస్తుంది. ఇటువంటి చిన్న సేవా వృత్తికి అది చాలును. పరిమితి 50,000 ఉన్నదని 50,000 అడగనక్కరలేదు. దరఖాస్తుతో పాటు మీ వాడుక పుస్తకం తీసుకువెళ్లండి. ఏ తేదీన ఎవరి బండి కడిగారో, ఎంత వచ్చిందో వ్రాసిన మూడు నెలల లెక్క మీ తరఫున మాట్లాడుతుంది. వానాకాలపు వాయిదాలు తక్కువగా, పంట చేతికి వచ్చే నెలల వాయిదాలు ఎక్కువగా ఉండేటట్లు నిర్ణయించమని ఋణం తీసుకునే ముందే అడగండి. బ్యాంకు అధికారులు కూడా సేద్యంతో ముడిపడిన పార్ట్ టైమ్ వృత్తిని పట్టణపు దుకాణంతో సమానంగా చూడరాదు. 2020 జూలైలో మొదలైన ఉద్యం నమోదు పూర్తిగా ఉచితం. దానికి మధ్యవర్తులకు డబ్బు చెల్లించకండి.

నీటి విషయం ఇంకా ముఖ్యమైనది. 2024 మార్చిలో నీటి ఎద్దడి తీవ్రమైనప్పుడు బెంగళూరు జలమండలి తాగునీటితో వాహనాలు కడగడాన్ని నిషేధించి, ఉల్లంఘించిన వారికి 5,000 రూపాయల జరిమానా ప్రకటించింది. వేసవిలో ట్యాంకరు కోసం బిందెలు వరుస పెట్టే ఊరిలో గొట్టం వదిలి కారు కడిగేవాడిని ఎవరూ సహించరు, సహించనవసరమూ లేదు. చిన్న ప్రెషర్ వాషర్ నిమిషానికి సుమారు 6, 7 లీటర్లు మాత్రమే వాడుతుంది. అవసరమైనప్పుడు మాత్రమే మీట నొక్కితే బండికి రెండు మూడు బకెట్లతో పని ముగుస్తుంది. వేసవిలో తడిగుడ్డ తుడుపు, లోపలి శుభ్రత అనే రెండు సేవలను ముందుకు తెండి. పురుగుమందు పిచికారీ చేసిన ట్రాక్టరును, గ్రీజు పట్టిన యంత్రాన్ని చెరువు గట్టున, కాలువలో, బావి పక్కన కడగరాదు.

విద్యుత్తు విషయంలో అజాగ్రత్త ప్రాణాంతకం. 1,800 వాట్ల వాషరుకు దాదాపు 8 ఆంపియర్ల కరెంటు కావాలి. దీపాల కోసం పెట్టిన 6 ఆంపియర్ల సాకెట్టు దానికి పనికిరాదు. ఎర్తింగు ఉన్న 16 ఆంపియర్ల సాకెట్టులోనే పెట్టండి. కరెంటు లీకయితే సరఫరాను వెంటనే నిలిపివేసే ఆర్.సి.సి.బి. ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు కొనండి. రేడియేటరు రెక్కలపైన, బేరింగులపైన, వైర్లపైన నీటిధారను నేరుగా కొట్టకండి. ట్రాక్టరు కడిగిన తరువాత గ్రీజు పెట్టడం మరువకండి.

డీలర్ మిత్రులకు కూడా ఒక మనవి. వాషరు అమ్మిన రోజుతో మీ పని తీరదు. సీలు అరిగి, గొట్టం పగిలి యంత్రం పది రోజులు మూలపడితే కొన్నవాడి రాబడి ఆగుతుంది గాని వాయిదా ఆగదు. విడిభాగాలు నిల్వ ఉంచండి. పెద్ద మోడలు అంటగట్టే ముందు, వాడుకగా ఎన్ని బండ్లు ఉన్నాయని ఒక్క ప్రశ్న అడగండి. ట్రాక్టర్లు, మోటారు సైకిళ్లు అమ్మేవారు తమ కొనుగోలుదారులకు ఇటువంటి యువకుల సేవను పరిచయం చేస్తే ఇద్దరికీ మేలు.

ఈ వృత్తితో మేడలు కట్టలేము. కాని పిల్లల చదువు ఖర్చుకు, ఎరువు మూట కొనడానికి చేబదులు అడగవలసిన అవసరం తప్పవచ్చు. ఈ వారమే మీ ఊరిలోను, మండల కేంద్రంలోను తిరిగి, వారానికొకసారి కడిగించుకుంటామని మాట ఇచ్చే ఇళ్ల పేర్లు ఒక పుస్తకంలో వ్రాయండి. ఆ పేర్లు పది దాటి, వారు మూడు నెలలు క్రమంగా డబ్బు చెల్లించిన తరువాత ఆ పుస్తకంతో బ్యాంకుకు వెళ్లండి.