ఒకే పాస్‌వర్డు, ఎవరిదీ కాని బాధ్యత

ఏ ఆసుపత్రిలోనైనా రికార్డుల గదికి వెళ్లి కంప్యూటరు వైపు ఒకసారి చూడండి. చాలాచోట్ల మానిటరు అంచున చిన్న కాగితం ముక్క అంటించి ఉంటుంది. దానిమీద పాస్‌వర్డు. ఉదయం షిఫ్టు గుమాస్తా, రాత్రి డ్యూటీ సిస్టరు, బిల్లింగు కౌంటరు అబ్బాయి, సెలవులో ఉన్నవారి బదులు వచ్చినవారు, అందరూ ఆ ఒక్క మాటతోనే లోపలికి వెళ్తారు. కంప్యూటరు లెక్కలో మాత్రం వాళ్లందరూ ఒకే మనిషి. ఆ మనిషి పేరు 'అడ్మిన్'.

తెనాలి, బాపట్ల, రేపల్లెల్లోని మన ఆఫీసు కంప్యూటర్లను ఒకే డొమైను కిందికి తేవాలని కొంతకాలంగా చర్చ జరుగుతోంది. "అది కంప్యూటరు వాళ్ల పని, మనకెందుకు?" అనే మాట వినిపిస్తోంది. నా అభిప్రాయం వేరు. ఇది రోగి రహస్యాన్ని కాపాడే పని. కాబట్టి జరిగి తీరాలి. అయితే పద్ధతి తప్పితే మాత్రం, అసలు మొదలుపెట్టకుండా ఉంటే బాగుండేదని అందరూ తల పట్టుకోవలసి వస్తుంది. ఈ రెండు సంగతులూ పాఠకులకు వివరించాలనే ఈ నాలుగు మాటలు.

డొమైను అంటే ఏమిటి?

ఇప్పుడు మన దగ్గర ప్రతి కంప్యూటరూ ఒక విడి ఇల్లు. దాని తాళం దానిదే. ఎవరికి ఏ తాళం ఇచ్చామో ఎక్కడా లెక్క లేదు. డొమైను వస్తే ఆ లెక్క అంతా ఒక సర్వరులో ఉంటుంది. దాన్ని డొమైను కంట్రోలరు అంటారు. మైక్రోసాఫ్ట్ కంపెనీ 1993లో విండోస్ ఎన్‌టీతో ఈ ఏర్పాటు తెచ్చింది. 2000లో దాన్నే 'యాక్టివ్ డైరెక్టరీ' అనే పేరుతో పెద్దది చేసింది. అంత ఖర్చు పెట్టలేనివారికి 'సాంబా' అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఉంది. 2012 డిసెంబరులో వచ్చిన నాలుగో వెర్షను నుంచి అది కూడా డొమైను కంట్రోలరుగా పనిచేస్తుంది.

ఈ ఏర్పాటులో ప్రతి ఉద్యోగికీ సొంత పేరు, సొంత పాస్‌వర్డు ఉంటాయి. తెనాలి సిస్టరు బాపట్లకు బదిలీ అయితే అక్కడా అదే పేరుతో పని చేసుకోవచ్చు. ఒకరు ఉద్యోగం మానేస్తే ఒక్కచోట ఖాతా మూస్తే చాలు, మూడు ఊళ్లలోనూ తలుపు మూతపడుతుంది. ఇప్పుడు ఎవరైనా మానేస్తే ఏం చేస్తున్నాం? ఏమీ చేయడం లేదు. పాస్‌వర్డు మారిస్తే పదిమందికి చెప్పాలి కదా అని అదే కొనసాగిస్తున్నాం.

రోగి మాట ఎవరి చేతుల్లో?

డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చారు. అక్కడ స్త్రీల కోసం ఆమె ఆసుపత్రి 1898లో ప్రారంభమైంది. ఆ రోజుల్లో మన స్త్రీలు మగ డాక్టరుకు తమ బాధ చెప్పుకోలేకపోయేవారు. తన మాట బయటికి పోదన్న ధైర్యం ఉంటేనే రోగి నోరు విప్పుతుంది. ఈ ప్రాంతంలో మిషన్ ఆసుపత్రుల వైద్యం ఆ ధైర్యం మీదే నిలబడింది. మందులు, యంత్రాలు తర్వాత వచ్చాయి.

చిన్న ఊళ్లలో ఒకరి సంగతి ఇంకొకరికి చేరడానికి ఒక పూట చాలు. టీబీ పరీక్ష చేయించుకున్న అమ్మాయి పెళ్లి సంబంధం ఆగిపోవచ్చు. హెచ్ఐవీ రిపోర్టు సంగతి పొక్కితే అద్దె ఇల్లు ఖాళీ చేయవలసి రావచ్చు. అందుకే 2017లో హెచ్ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం వచ్చింది. 2018 సెప్టెంబరు 10 నుంచి అది అమల్లో ఉంది. హెచ్ఐవీ సమాచారం ఉంచే ప్రతి సంస్థా ఆ సమాచారానికి రక్షణ ఏర్పాట్లు చేయాలనీ, ఎవరు చూడవచ్చో పద్ధతి ఉండాలనీ, సిబ్బంది జవాబుదారీకి మార్గం ఉండాలనీ ఆ చట్టం చెబుతోంది. తర్వాత 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది. 'అడ్మిన్' అనే పేరుతో పదిమంది పనిచేసే చోట జవాబుదారీ ఎవరు?

ఇక్కడ ఇంకొక సంగతి కూడా ఆలోచించాలి. ఒక రిపోర్టు బయటికి పొక్కిందనుకోండి. కంప్యూటరును అడిగితే 'అడ్మిన్' చూశాడు అంటుంది. అప్పుడు అనుమానం ఎవరి మీదికి పోతుంది? ఎప్పుడూ చిన్న ఉద్యోగి మీదికే. కాంట్రాక్టు మీద వచ్చిన డేటా ఎంట్రీ అమ్మాయి మీదికి, రాత్రి డ్యూటీ వార్డుబాయ్ మీదికి. "నేను కాదు" అని రుజువు చేసుకునే దారి వాళ్లకు లేదు. సొంత పేరుతో లాగిన్ కావడం మన మీద నిఘా అని కొందరు బాధపడుతున్నారు. నిజానికి తప్పు చేయని వాడికి అదే సాక్ష్యం.

అయితే డొమైను పెట్టగానే అన్నీ సర్దుకుంటాయని అనుకోకూడదు. ఎవరు, ఎప్పుడు, ఏ కంప్యూటరులోకి వచ్చారో మాత్రమే డొమైను చెబుతుంది. ఏ రోగి రిపోర్టు తెరిచారో తెలియాలంటే ఆసుపత్రి సాఫ్ట్‌వేరులో కూడా ఎవరి పేరు వారికి ఉండాలి. ఫైళ్లు ఉన్న సర్వరులో ఆ నమోదును ప్రత్యేకంగా ఆన్ చేయాలి. ముందు గది తాళం మార్చి బీరువా తాళం అందరికీ ఇస్తే ప్రయోజనం లేదు.

సోమవారం ఉదయం ఏమైంది?

ఇక రెండో సంగతి. కొన్నేళ్ల క్రితం నేను చూసిన ఒక ఆఫీసులో శని, ఆదివారాల్లో కంప్యూటర్లన్నీ డొమైనులో చేర్చారు. సిబ్బందికి ముందుగా చెప్పలేదు. సోమవారం ఉదయం పెద్ద గుమాస్తాగారు కొత్త పేరుతో లోపలికి వెళ్లారు. తెర ఖాళీగా ఉంది. ఏళ్ల తరబడి డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న జీతాల పట్టికలు లేవు. అను ఫాంట్లతో టైపు చేసుకున్న తెలుగు ఉత్తరాలు లేవు. ఈమెయిళ్లు లేవు, ప్రింటరు లేదు. పెద్దాయన ఎవరినీ ఏమీ అనలేదు. కుర్చీలో కూర్చుని చాలాసేపు ఆ తెర వైపే చూశారు. ఆయన మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది.

నిజానికి ఆయన ఫైళ్లు ఎక్కడికీ పోలేదు. విండోస్ మనిషిని పేరుతో గుర్తుపట్టదు. ప్రతి ఖాతాకూ ఒక పొడవాటి అంకె ఉంటుంది, దాన్నిబట్టి గుర్తుపడుతుంది. డొమైను ఖాతాకు కొత్త అంకె వస్తుంది. పేరు అదే అయినా కంప్యూటరు దృష్టిలో కొత్త మనిషి, కాబట్టి కొత్తగా ఖాళీ ప్రొఫైలు తయారు చేస్తుంది. పాతదంతా సి డ్రైవులో 'యూజర్స్' ఫోల్డరు కింద అలాగే ఉంటుంది. అసలు ప్రమాదం ఆ తర్వాత వస్తుంది. పని అయిపోయిందనుకుని ఎవరో ఆ పాత ఫోల్డరు చెరిపేస్తారు. అప్పుడు నిజంగానే పోతుంది.

మనం రోగిని ఒక వార్డు నుంచి ఇంకో వార్డుకు ఎలా మారుస్తాం? కేస్ షీటు లేకుండా పంపుతామా? ఎక్స్‌రేలు, మందులు, ఇంటి నుంచి తెచ్చుకున్న దుప్పటి అన్నీ చూసుకుని, అక్కడి సిస్టరుకు ఒప్పజెప్పి వస్తాం. ఉద్యోగి ప్రొఫైలును కూడా అలాగే మార్చాలి. పాత ప్రొఫైలును కొత్త ఖాతాకు ఒప్పజెప్పే సాధనాలు ఉన్నాయి. మైక్రోసాఫ్టే ఇచ్చే యూజర్ స్టేట్ మైగ్రేషన్ టూల్ అందులో ఒకటి. ఆ సాధనం వాడినా, చేత్తో కాపీ చేసినా, ఆ కంప్యూటరు ముందు రోజూ కూర్చునే మనిషి పక్కన ఉండాలి. ఏ ఫైలు ఎక్కడ ఉందో వారికే తెలుసు.

ఒక్క సంగతి ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. బ్రౌజరులో దాచుకున్న పాస్‌వర్డులు పాత ఖాతా తాళంతో బిగించి ఉంటాయి. ఫోల్డరు కాపీ చేసినంత మాత్రాన అవి కొత్త ఖాతాలో తెరుచుకోవు. ఆరోగ్యశ్రీ వంటి పథకాల పోర్టలు పాస్‌వర్డు బ్రౌజరుకే వదిలేసినవారు ఎంతమంది లేరు! అది పోతే ఆపరేషను అనుమతి కోసం రోగి బల్ల మీదే ఎదురుచూడాలి. కాబట్టి మార్పుకు ముందే, పాత ఖాతాలో ఉండగానే వాటిని బయటికి తీసి భద్రపరచాలి.

మరికొన్ని చిన్న విషయాలు. విండోస్ హోమ్ ఎడిషను ఉన్న కంప్యూటరు డొమైనులో చేరదు, ప్రొఫెషనల్ కావాలి. లోపలి బ్యాటరీ అయిపోయి గడియారం తప్పిన కంప్యూటరును సర్వరు రానివ్వదు, మామూలుగా అయిదు నిమిషాల తేడాకే అభ్యంతరం చెబుతుంది. ల్యాబు యంత్రాల పాత సాఫ్ట్‌వేర్లు కొన్ని 'అడ్మిన్' అధికారం లేకపోతే నడవవు. కాబట్టి ముందు ఒకే ఒక కంప్యూటరు మార్చి, వారం రోజులు వాడి చూసి, తర్వాత మిగతా వాటి జోలికి వెళ్లాలి.

అన్నీ ఒకేచోట పెడితే?

"అన్నీ ఒకే సర్వరు కింద పెడితే అది పడిపోతే గతి ఏమిటి?" అని పెద్దలు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్న. గడ్డివాములన్నీ ఒకే దొడ్డిలో వేస్తే ఒక్క నిప్పురవ్వ చాలు. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్‌పై సైబర్ దాడి జరిగింది. అయిదు సర్వర్లు, సుమారు 1.3 టెరాబైట్ల డేటా దెబ్బతిన్నాయి. చాలా రోజులు ఓపీ చీటీలు చేత్తో రాశారు. నెట్‌వర్కును సరిగా విభజించకపోవడమే కారణమని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. అంతకుముందు 2017 మే 12న మొదలైన వానాక్రై దాడిలో బ్రిటన్ ఆసుపత్రులతో పాటు మన రాష్ట్ర పోలీసు కంప్యూటర్లు కూడా చిక్కుకున్నాయి. దానికి విరుగుడైన అప్‌డేటు ఆ ఏడాది మార్చిలోనే వచ్చింది. వేసుకోని కంప్యూటర్లు బలయ్యాయి.

ఈ రెండు ఘటనల నుంచి రెండు పాఠాలు నేర్చుకోవాలి. విడివిడిగా ఉండే కంప్యూటర్లకు అప్‌డేటు వేశారో లేదో ఎవరూ చూడరు. డొమైనులో అన్నిటికీ ఒకేచోట నుంచి వేయవచ్చు, ఇది లాభం. అన్నిటినీ కలిపినప్పుడు మధ్యలో గోడలు కూడా కట్టాలి, డొమైను పెద్ద తాళాన్ని రోజువారీ పనికి వాడకూడదు, ఇది జాగ్రత్త.

మన ప్రాంతానికి ఇంకొక ప్రమాదం ఉంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణకు వరద వచ్చి రేపల్లె వైపు లంక గ్రామాలు మునిగాయి. అలాంటి రోజుల్లో కరెంటూ ఉండదు, ఇంటర్నెట్టూ ఉండదు. ఆసుపత్రికి రోగులు ఎక్కువగా వచ్చేది కూడా ఆ రోజుల్లోనే. కాబట్టి తెనాలిలో ఒక కంట్రోలరు, బాపట్లలో రెండోది ఉండాలి. లైను తెగినా, అంతకుముందు ఆ కంప్యూటరులో ఒకసారి లాగిన్ అయినవారిని విండోస్ గుర్తుపెట్టుకుని లోపలికి రానిస్తుంది. మామూలుగా చివరి పది ఖాతాల వరకు ఈ సదుపాయం ఉంటుంది. అందువల్ల రేపల్లెలో డ్యూటీ పడే ప్రతివారూ తుపాను రాకముందే అక్కడ ఒకసారి లాగిన్ అయి ఉండాలి. బ్యాకప్పు ఒకటి వేరే ఊళ్లో, వైరు తీసేసి బీరువాలో ఉండాలి.

పాస్‌వర్డుల గురించి ఒక మాట. నెలకోసారి మార్చమని నిర్బంధించవద్దని కమిటీకి నా మనవి. అలా చేస్తే మానిటరు మీది కాగితం మళ్లీ వస్తుంది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే ఆ నిర్బంధం వద్దంది. 2019లో మైక్రోసాఫ్ట్ కూడా తన సిఫారసుల్లోంచి దాన్ని తీసేసింది. పొడవుగా, తనకు మాత్రమే గుర్తుండే పాస్‌వర్డు ఒకటి చాలు. బయటపడిందన్న అనుమానం వచ్చిన రోజున మార్చాలి.

పెద్దలకు నా విన్నపం ఇంతే. ఈ పని చేయండి, కానీ ఆదివారం రాత్రి ఎవరూ లేనప్పుడు చేయకండి. ఒక్కొక్కరి దగ్గర కూర్చుని, వారి సామాను వారికి చూపించి, "అన్నీ ఉన్నాయా అండీ?" అని అడిగి, వారు ఉన్నాయన్న తర్వాతే లేవండి. పాత ప్రొఫైలును కనీసం మూడు నెలలు ముట్టుకోకండి.

సిబ్బందికి కూడా ఒక విన్నపం. కొత్త పేరు చేతికొచ్చిన రోజున మానిటరు మీది ఆ కాగితం మీ చేత్తోనే తీసేయండి.