చావులో సమానం సరే... మరి బిందె దగ్గర?

పల్లెల్లో హరిశ్చంద్ర నాటకం ఆడుతున్నారంటే కాటి సీను కోసం ఆడవాళ్లం నిద్రాపుకుని కూర్చుంటాం. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది. కానీ ఆ సీనులో జనం మళ్లీ మళ్లీ అడిగి పాడించుకునే పద్యాలు మాత్రం గుర్రం జాషువా గారి 'శ్మశానవాటి'లోవి. మా వజ్రకరూరు వైపు అక్షరమ్ముక్క రాని అవ్వలు కూడా ఆ పద్యాలు వింటూ కొంగుతో కళ్లొత్తుకుంటారు. రాసిందెవరో మాత్రం చాలామందికి తెలియదు.

ఆ పద్యాల సారం ఒక్కటే. మట్టిలో కలిశాక రాజూ లేడు, పేదా లేడు, అంటూ ముట్టూ అసలే లేవు. వినడానికి ఎంత బాగుంటుందో! మరి మన ఊళ్లలో శ్మశానాలెన్ని? చాలాచోట్ల ఇప్పటికీ ఎవరిది వారికే. చావులోనైనా సమానమే కదా అని కవి ఊరట పడితే, మనం ఆ చోటుకి కూడా కంచె వేసుకున్నాం!

ఇంతకీ ఎవరీ జాషువా? 1895 సెప్టెంబర్ 28న గుంటూరు సీమలోని వినుకొండలో పుట్టారు. తండ్రి వీరయ్య యాదవులు, తల్లి లింగమ్మ మాదిగ. క్రైస్తవ కుటుంబం. పదిహేనేళ్లకే, 1910లో, మరియమ్మ గారితో పెళ్లయింది. మిషనరీ బడిలో నెలకు మూడు రూపాయల జీతానికి మాస్టారుగా చేరారు. ఆ పని కూడా పోతే రాజమండ్రి వెళ్లి, మూగ సినిమాలు ఆడే రోజుల్లో తెర పక్కన నిలబడి కథా, మాటలూ చదివి వినిపించే ఉద్యోగం చేశారు. ఆ తర్వాత గుంటూరులో లూథరన్ మిషన్ వారి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో సుమారు పదేళ్లు, 1928 నుంచి 1942 దాకా ప్రభుత్వ కొలువులో తెలుగు పండితుడిగా పాఠాలు చెప్పారు. అంటే, కవిగా మనకు తెలిసిన జాషువా, జీవితంలో ఎక్కువ కాలం బడిపంతులే.

ఆ చదువు ఆయనకు ఊరికే రాలేదు. జూపూడి హనుమచ్ఛాస్త్రి గారనే పండితుడు దగ్గర కూర్చోబెట్టుకుని మేఘసందేశం, రఘువంశం నేర్పారు. అలాంటి మంచివాళ్లూ ఉన్నారు మరి. కానీ సభల్లో కులం అడిగి అవమానించినవాళ్లు అంతకంటే ఎక్కువమంది. పోనీ తనవాళ్లయినా దగ్గరకు తీశారా అంటే అదీ లేదు. క్రైస్తవుడివై ఉండి హిందూ పురాణాల మీద కవిత్వం ఏమిటని మతపెద్దలు సంఘం నుంచి వెలివేశారు. ఇటు గుడి గడపా దాటనివ్వలేదు, అటు చర్చి గడపా తనది కాకుండా పోయింది. ఇంకొకరైతే కలం విరిచేసి కూర్చునేవారేమో. ఆయన మాత్రం అదే చేత్తో తర్వాత 'క్రీస్తు చరిత్ర' రాశారు, తెలుగు పద్యంలోనే! దానికే 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. 1970లో పద్మభూషణ్. 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూశారు.

1941 నాటి 'గబ్బిలం' గురించి చెప్పకుండా ఆయన గురించి చెప్పినట్టు కాదు. కాళిదాసు యక్షుడు భార్యకు మేఘంతో కబురు పంపితే, జాషువా కావ్యంలో ఆకలితో పడుకున్న ఒక దళితుడు కాశీలోని శివుడికి గబ్బిలంతో కబురు పంపుతాడు. గబ్బిలమే ఎందుకంటారా? మనిషిని రానివ్వని గుడిలోకి దాన్ని రావద్దనేవాళ్లు లేరు. గర్భగుడిలో వేలాడే గబ్బిలానికి ఉన్న చనువు మనిషికి లేకపోయిందే అన్నదే ఆ బాధంతా. ఇరవై ఉపన్యాసాలు చెప్పలేని మాట అది.

ఆ బాధను అందిపుచ్చుకున్నది ఆయన కూతురు హేమలతా లవణం. నాస్తికోద్యమ నాయకుడు గోరా గారి ఇంటి కోడలయి, స్టూవర్టుపురంలో దొంగలన్న ముద్ర పడిన కుటుంబాల మధ్య, నిజామాబాద్ వైపు జోగినుల మధ్య పనిచేశారు. అక్కడ జోగిని అన్నదాన్నే మా అనంతపురం వైపు బసివి అంటారు. పేరేదైనా దేవుడి పేరుతో బలయింది పేదింటి ఆడపిల్లే. 1988లో దాన్ని నిషేధిస్తూ రాష్ట్రంలో చట్టం వచ్చింది. తండ్రి పద్యంలో అడిగినదాన్ని కూతురు వీధుల్లోకి వెళ్లి అడిగిందన్నమాట.

ఇదంతా మగవాళ్ల సంగతి, పెద్దల సంగతి, మనకెందుకు అనుకోకండి. అంటరానితనం గుడి దగ్గర కనిపించినంతగా నీళ్ల దగ్గరా కనిపిస్తుంది. నీళ్లంటే ఆడవాళ్లే కదా! 1985 జూలైలో అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు దళితుల ప్రాణాలు తీసిన దారుణానికి మొదలు ఎక్కడ? మంచినీళ్ల చెరువు దగ్గర. తాము తాగే నీళ్లు మురికి చెయ్యొద్దన్న సువార్తమ్మ అనే దళిత స్త్రీ, కొట్టబోతే ఆపడానికి బిందె ఎత్తింది. అంతే! 1989లో వచ్చిన అత్యాచారాల నిరోధక చట్టం వెనక అలాంటి ఘోరాలున్నాయి.

మాది కరువు సీమ. నీళ్ల విలువ మాకు ఒకరు చెప్పాలా? అందుకే ఒక మాట అడగాలనిపిస్తుంది. తొలకరి వాన పడగానే వజ్రాల కోసం ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి మా చేలల్లో వంగి వెతుకుతారు. ఫలానా కులం వాళ్లకే కనిపిస్తానని ఏ రాయీ అనదు. దొరికిన వజ్రాన్ని ఎవరి చేతిలోంచయినా వ్యాపారి కళ్లకద్దుకుని తీసుకుంటాడు. అవే చేతులు చెంబుతో మంచినీళ్లిస్తే మాత్రం మనకు గొంతు దిగదు!

చట్టాలు వీధి గుమ్మం దాకానే వస్తాయి. వంటింట్లోకి రావాల్సింది మనమే. శెనక్కాయ ఒలవడానికి వచ్చిన ఆమెకు కాఫీ ఏ గ్లాసులో ఇస్తున్నాం? ఆ గ్లాసు పెరటి గోడ మీద బోర్లించి ఉంటుందా, మిగతా గ్లాసులతో కలిసి ఉంటుందా? పనమ్మాయికి అన్నం ఎక్కడ కూర్చోబెట్టి పెడుతున్నాం? బళ్లో స్నేహితుణ్ణి ఇంటికి తీసుకొస్తే "ఎవరాళ్లు?" అని పిల్లాడి చెవిలో అడుగుతున్నామా? పిల్లలు మన మాటలు మరిచిపోవచ్చు గానీ మనం చేసేవి మరిచిపోరు. ఆ గ్లాసు ఎందుకు వేరుగా ఉందో ఎవరూ చెప్పకుండానే వాళ్లకు అర్థమైపోతుంది. అంటరానితనం ఒక తరం నుంచి ఇంకో తరానికి అందేది అలాగే.

రేపు మీ పాప జాషువా గారి పద్యం బట్టీ పడుతూ మీ దగ్గరకు అప్పజెప్పడానికి వస్తుంది. చరణాలు తప్పు లేకుండా చెప్పిందా లేదా చూడండి, తప్పు లేదు. కానీ దాంతోపాటు అర్థం కూడా అడగండి. అది చెప్పడం మొదలుపెట్టేలోపు ఆ వేరే గ్లాసు తీసి మన గ్లాసుల్లో కలిపేయండి. మూడు రూపాయల జీతానికి పాఠం చెప్పిన ఆ మాస్టారికి మనం ఇవ్వగల గురుదక్షిణ ఇదే.