పాట అందరి గొంతుకు అందాలంటే



ఈ వారం గిటారు గురించి మాట్లాడాలి. మందిరంలో గిటారు ఉండవచ్చా, ఉండకూడదా అని కాదు. ఆ వాదన మన సంఘంలో ఎప్పుడో అయిపోయింది. గిటారు పట్టిన యవ్వనస్థుడు తాను నొక్కే కార్డ్ ఏమిటో తెలిసి నొక్కాలా, ఫోనులో చూసి వేళ్ళు పెట్టేస్తే సరిపోతుందా అన్నదే మా ప్రశ్న. తెలిసే నొక్కాలని మేము ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాము. ఒక తప్పు చేసిన తరువాతే ఈ నమ్మకం కలిగింది గనుక ముందు ఆ తప్పే చెబుతాము.

సిద్దిపేటకు 2023 అక్టోబరులో రైలు వచ్చాక సికింద్రాబాదు వెళ్ళిరావడం మనకు తేలికైంది. ఆ రైలెక్కి వెళ్ళే మన సంఘానికి గిటారు కొనుక్కొచ్చాము. క్రిస్మస్‌కు ఇంకా మూడు వారాలే ఉంది. వరికోత మిషను మీద పనిచేసే ఒక తమ్ముడికి దాన్ని ఇచ్చి, "పండుగకు వాయించాలి" అన్నాము. పగలంతా పొలాల్లో, రాత్రి ఫోను ముందు కూర్చుని వేళ్ళ కొసలు బొబ్బలెక్కేదాకా సాధన చేశాడు. జి, సి, డి, ఇ మైనర్ అని నాలుగు కార్డ్స్ నేర్చుకున్నాడు. పండుగ నాడు బాగా వాయించాడు. అందరం చప్పట్లు కొట్టాము. మేమే ఎక్కువ కొట్టాము.

జనవరిలో ఒక కొత్త పాట ఎత్తుకున్నాము. రికార్డింగులో జి లో ఉంది, తమ్ముడూ జి లోనే వాయించాడు. పల్లవి బాగానే సాగింది. చరణం పైకి వెళ్ళేసరికి కుడివైపు చాపల మీద కూర్చున్న తల్లుల పెదవులు ఆగిపోయాయి. ఆరాధన అయ్యాక ఒక పెద్దావిడ మా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, పాట మంచిగనే ఉన్నది. గని గంత మీదికి పోతే మా గొంతుకు ఎట్ల అందుతది?" అన్నది.

తమ్ముడితో, "కొంచెం తగ్గించి వాయించు" అన్నాము. మరుసటి ఆదివారం అతడు ఆంప్లిఫయరు సౌండు తగ్గించాడు! శ్రుతి అని మేము చెప్పలేదు, అతనికి తెలియదు. పాట మళ్ళీ జి లోనే సాగింది, తల్లులు మళ్ళీ మౌనం. మేము సహనం పోగొట్టుకుని అందరి ముందూ, "చెప్పింది అర్థం కాదా?" అన్నాము. తరువాత మూడు ఆదివారాలు అతడు మందిరానికి రాలేదు.

ఇంటికి వెళ్ళాము. అతడు తల దించుకుని, "అయ్యగారూ, నాకు ఆ పాట జి లనే వస్తది. వేరే దాంట్ల ఎట్ల కొడతరో నాకెవ్వలు చెప్పలే" అన్నాడు. నిజమే. చేతికి వాయిద్యం ఇచ్చి, నేర్పించకుండా, రాలేదని మందలించిన వాళ్ళం మేము. అక్కడే క్షమాపణ అడిగాము. ఇక్కడ కూడా అడుగుతున్నాము, ఎందుకంటే మందలించింది మీ అందరి ముందే కదా.

ఆ వారం నుండి మందిరంలోని పాత హార్మోనియం, గిటారు పక్కపక్కన పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాము. మాకు చిన్నప్పుడు నేర్చుకున్న సరిగమలు కొద్దిగా వచ్చు, అతనికి వేళ్ళ స్థానాలు వచ్చు. కార్డ్ అంటే ఏమిటన్నది మొదట తేల్చుకున్నాము. మూడు స్వరాలు కలిసి ఒక్కసారి మోగడమే కార్డ్. సి ని స అనుకుంటే స, గ, ప అంటే సి, ఇ, జి. గిటారు మీద సి మేజర్ పట్టి లావు తీగ వదిలేసి మిగతా అయిదూ ఒక్కొక్కటిగా మీటితే వరుసగా సి, ఇ, జి, సి, ఇ మోగుతాయి. తమ్ముడు ఒక్కో తీగ మీటి హార్మోనియం మెట్టుతో సరిచూసుకున్నాడు. "అయిదు తీగలున్నా మూడే ఉన్నయి గదా" అని నవ్వాడు. అతడు నవ్వగా మేము చూసి చాలా రోజులైంది.

గిటారు మెడ మీది ఫ్రెట్ ఒక్కటి దాటడం అంటే హార్మోనియంలో నల్లవీ తెల్లవీ లెక్కలోకి తీసుకుని పక్క మెట్టుకు వెళ్ళడమే. 12 ఫ్రెట్లు దాటితే అదే స్వరం పై స్థాయిలో వస్తుంది. మన సంగీతంలోనూ స్వరస్థానాలు 12. ఏ మేజర్‌లో రెండో తీగను రెండో ఫ్రెట్ దగ్గర నొక్కుతాము. అదే తీగను మొదటి ఫ్రెట్ దగ్గర నొక్కితే ఏ మైనర్. మిగతా తీగల్లో ఏ మార్పూ లేదు. అంతర గాంధారం పోయి సాధారణ గాంధారం వచ్చింది, అంతే. ఆ ఒక్క మెట్టుకే ఉల్లాసంగా మోగిన కార్డ్ దుఃఖపు పాటకు సరిపోయేలా మారిపోయింది.

మన సిద్దిపేట గొల్లభామ చీర మీద ఆ బొమ్మ అచ్చు వేసింది కాదు, పోగులు లెక్కపెట్టి నేసింది. లెక్క తెలిసిన నేతగాడు బొమ్మను అంచులోనూ దించగలడు, కొంగులోనూ దించగలడు. వేళ్ళ స్థానాలు మాత్రమే కంఠస్థం చేసినవాడికి బొమ్మ ఒక్కచోటే వస్తుంది. తమ్ముడికి పాట జి లో మాత్రమే వచ్చింది అందుకే.

జి లో ఉన్న పాటకు ముఖ్యమైన కార్డ్స్ జి, సి, డి. వీటిని పేర్లుగా కాక స్థానాలుగా చూడమన్నాము: స మీద ఒకటి, మ మీద ఒకటి, ప మీద ఒకటి. తల్లుల కోసం స ను ఇ దగ్గరకు దించితే అవే ఇ, ఏ, బి అవుతాయి. బి మేజర్‌కు చూపుడు వేలు తీగల మీద అడ్డంగా పరచి నొక్కాలి, కొత్తవాళ్ళకు చెయ్యి లాగేస్తుంది. అందుకని రెండో ఫ్రెట్ దగ్గర కాపో బిగించి డి, జి, ఏ వేళ్ళు పెట్టమన్నాము. మోగేవి ఇ, ఏ, బి. "కాపో శ్రుతి పెంచుతది గదా అయ్యగారూ, పాట ఎట్ల దిగింది?" అని అడిగాడు. మంచి ప్రశ్న, మాకూ కాసేపు పట్టింది. డి ని రెండు మెట్లు పెంచితే ఇ వస్తుంది. ఆ ఇ, జి కన్నా మూడు మెట్లు కిందనే ఉంటుంది. పాత ఇ మైనర్ ఉన్నచోట మాత్రం ఇప్పుడు బి మైనర్ వేళ్ళు పెట్టాలి, దానికి మళ్ళీ చూపుడు వేలు పరచక తప్పదు. అక్కడ ఇప్పటికీ గిటారు ఒక క్షణం ఆగుతుంది. ఆగనివ్వండి, ఎవరూ వెనక్కి తిరిగి చూడకండి.

ఇంతలో ఒక పెద్దాయన, "పాత కీర్తనలకు కూడా గిటారు వాయించొచ్చు గదా" అన్నారు. అక్కడ మేము జాగ్రత్త పడమంటాము. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో కీర్తన మీద రాగం, తాళం పేర్లు ఉంటాయి. పురుషోత్తమ చౌదరి గారి వంటి భక్తులు (1803లో పుట్టి 1890లో ప్రభువునందు నిద్రించారు) కార్డ్స్ మనసులో పెట్టుకుని రాయలేదు. శంకరాభరణమైతే అది మేజర్ స్కేలే, సి, ఎఫ్, జి చక్కగా కలుస్తాయి. మాయామాళవగౌళ సంగతి వేరు. సంగీతం నేర్చుకునే పిల్లలకు మొదట చెప్పే రాగం అది. దానిలో ఉన్నవి శుద్ధ రిషభం, శుద్ధ ధైవతం. ఎఫ్ మేజర్ వాయిస్తే చతుశ్రుతి ధైవతం మోగుతుంది, జి మేజర్ వాయిస్తే చతుశ్రుతి రిషభం మోగుతుంది. గొంతు ఒక మెట్టు మీద, గిటారు పక్క మెట్టు మీద! "పాడేవాళ్ళు తప్పుతున్నారు" అని అనుకుంటాము గాని తప్పేది గిటారే. అప్పుడు డి కార్డ్ పట్టి, అన్నిటికన్నా సన్నని తీగను మీటకుండా, దాని పైన ఉన్న మూడు తీగలు మాత్రమే మీటమన్నాము. గాంధారం ఆ సన్న తీగలోనే ఉంది. మిగిలేది స, ప, స. శ్రుతిపెట్టె చేసే పనే గిటారు చేస్తుంది, రాగం పాడేవారి గొంతులో క్షేమంగా ఉంటుంది.

"ఆత్మ నడిపిస్తే చాలు, ఈ లెక్కలెందుకు?" అని కొందరు అంటున్నారు. అక్షరం రాకపోయినా వాక్యం కంఠస్థం చేసిన తల్లులు మన సంఘంలో ఉన్నారు, వారి విశ్వాసం మాకన్నా గొప్పది. అయినా ఆ తల్లులే కూలికి వెళ్ళి మనుమలను బడికి పంపారు. 1 దినవృత్తాంతములు 15వ అధ్యాయంలో కెనన్యాకు సంగీతం అప్పగించడానికి కారణం అతనికి అందులో ఉన్న ప్రావీణ్యమే. 25వ అధ్యాయంలో గానంలో ఆరితేరిన 288 మందిని లెక్కపెట్టి, గురువు శిష్యుడు అన్న తేడా లేకుండా చీట్లు వేశారు. అంటే అక్కడ నేర్పేవాళ్ళూ ఉన్నారు, నేర్చుకునేవాళ్ళూ ఉన్నారు. మన దగ్గర వాయిద్యం కొనడానికి చందా పోగైంది, నేర్పడానికి ఎవరూ లేరు. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో ఆత్మతో పాడడం, మనసుతో పాడడం రెండూ పక్కపక్కనే పెట్టాడు. ఒకటి చాలని చెప్పలేదు.

యాప్‌లు వద్దని మేము అనడం లేదు. వాటిలో పెట్టిన కార్డ్స్ అన్నీ సరైనవి కావు, సరైనవైనా అవి ఎవరో గాయకుడి గొంతుకు కొలిచినవి. మన తల్లుల గొంతు కొలత యాప్‌లో దొరకదు. అందుకే ఇకపై కొత్త పాట ఏదైనా శనివారం సాయంత్రం వారితో పాడించి చూశాకే ఆదివారం ఎత్తుకుందామని తమ్ముడూ మేమూ అనుకున్నాము. జనవరిలో మాతో ఆ మాట అన్న పెద్దావిడే ముందు పాడుతుంది. ఆమె గొంతు ఎక్కడ ఆగుతుందో హార్మోనియం మీద చూస్తాము, కాపో ఎక్కడ బిగించాలో తమ్ముడు చెబుతాడు. పోయిన శనివారం ఆమె మనుమరాలికి జ్వరమని రాలేదు. పాటను వచ్చే వారానికి వాయిదా వేశాము.