పళ్లు చూడకుండ ఎద్దును కొంటమా? పాత మాండలిన్ రేటు గురించి నాలుగు మాటలు



ఈసారి పంట గురించి కాదు, పాత మాండలిన్ గురించి రాస్తున్న. నవ్వకుండ్రి. మన దిక్కు భజన మండళ్లల్ల హార్మోనియం, తబలా ఎప్పటినుంచో ఉన్నయి. ఇప్పుడు కొందరు పిల్లలు మాండలిన్ నేర్చుకుంటమంటున్నరు. కొత్తది కొనాలంటే చందా పైసలు సరిపోవు. అందుకని జనగామ, భువనగిరి దిక్కు నుంచి బస్సెక్కి ఉప్పల్ రింగురోడ్డు కాడ దిగి, ఉప్పల్‌ల, నాచారంల పాతది ఎవరన్నా అమ్ముతరా అని అడుగుతున్నరు. అడిగితే దొరుకుతది. ఒకప్పుడు ఆర్కెస్ట్రాలల్ల వాయించి అటక మీద పెట్టినవి ఇంకా కొన్ని ఇండ్లల్ల ఉన్నయి. దొరికినంక దానికి ఎంత ఇవ్వాలె అన్నదే చిక్కు.

నా మాట ముందే చెప్తున్న. పాత చవక మాండలిన్‌కు వయసును బట్టి, కథను బట్టి రేటు కట్టొద్దు. ఇయ్యాల అది ఎట్ల మోగుతది, మంచిగ మోగాలంటే ఇంకెంత ఖర్చయితది, ఈ రెండు చూసి కట్టాలె. ఆ లెక్క అమ్మేటోళ్ల ముందరనే వెయ్యాలె.

కథలకు కొదవ ఉండదు. నాచారంలనే ఎన్టీఆర్ గారి రామకృష్ణా స్టూడియో ఉండె కాబట్టి, "ఇది సినిమాల మోగిన మాండలిన్" అనొచ్చు. 1975ల వచ్చిన ముత్యాల ముగ్గుల సజ్జాద్ హుస్సేన్ గారి మాండలిన్ విన్నోళ్లకు ఆ మాట తియ్యగనే ఉంటది. "మాండలిన్ శ్రీనివాస్ గారి దగ్గర ఉన్నటువంటిదే" అనొచ్చు. పాలకొల్లుల పుట్టి, 1998ల పద్మశ్రీ అందుకున్న ఆ మహానుభావుడు వాయించింది 5 తీగల ఎలక్ట్రిక్ మాండలిన్. మామూలు మాండలిన్‌కు జతలు జతలుగ 8 తీగలుంటయి. రెండూ ఒకటి కావు. కథ వినుండ్రి, చాయ్ తాగుండ్రి, కథకు మాత్రం పైసలు ఇయ్యకుండ్రి.

పేరు కాడ కూడ జర పైలం. గిబ్సన్ అమెరికా కంపెనీ. అది 1922 నుంచి 1924 దాకా లాయిడ్ లోర్ సంతకంతోని చేసిన ఎఫ్-5 మాండలిన్లు లక్ష డాలర్లు దాటి అమ్ముడుపోయినయి. గివ్‌సన్ మన కలకత్తా పేరు, నేర్చుకునేటోళ్లు కొనుక్కునే వాద్యం. అది తక్కువదని కాదు, దాని పని అది చేస్తది. కానీ ఒక్క అక్షరం తేడాల ఆ రేటు ఈడికి రాదు. "పాతబడ్డ కొద్ది మంచిగ మోగుతది" అన్న మాట కూడ మంచి చెక్కకు చెప్పిన మాట. ప్లైవుడ్ పెట్టెకు వయసొస్తే అతుకులు ఊడుడే ఎక్కువ.

ఎద్దును కొనేముందు పళ్లు చూస్తం, నడిపిచ్చి చూస్తం. పాత ట్రాక్టర్‌ను ఇంజిన్ సల్లగున్నప్పుడే స్టార్ట్ చెయ్యమంటం. మాండలిన్‌కు కూడ అట్లనే నాలుగు పరీక్షలున్నయి.

ఒకటి, మెడ. బిగించిన 8 తీగలు కలిసి 70, 80 కిలోల బరువు లాగినట్టు లాగుతయి. ఏండ్ల తరబడి అట్లనే పెడితే మెడ వంగుతది. ఒక చివర నుంచి బాణం చూసినట్టు కన్ను పెట్టి చూడుండ్రి. రెండు, పన్నెండో మెట్టు కాడ తీగకు, మెట్టుకు నడుమ సందు. రూపాయి బిళ్ల పడితే మంచిదే. రెండు బిళ్లలు కలిపి పడితే తీగ మస్తు ఎత్తుల ఉన్నట్టు. మూడు, పెట్టె. గుర్రం కింద చెక్క లోపలికి కుంగిందా, అతుకు కాడ సందు ఉందా చూడాలె. నాలుగు, పలుకుడు. పన్నెండో మెట్టు మీద నొక్కి మీటితే ఉత్త తీగ స్వరమే పై స్థాయిల పలకాలె. తేడా ఉంటే మొదలు గుర్రాన్ని జర జరిపి చూడుండ్రి, అది అతికించి ఉండదు. అయినా కలవకపోతే మెడల లోపం ఉండొచ్చు.

ఇదంతా ఎందుకంటే, తీగ ఎత్తుగ ఉన్నదాన్ని పిల్లగానికి ఇస్తే వాని వేళ్లు కోసుకపోతయి. నెల రోజులకు పక్కన పెడతడు. మనం "వీనికి సంగీతం రాదు" అంటం. తప్పు వానిది కాదు, మెడది.

ఇగ లెక్క. అసొంటిదే కొత్తది ఎంతో దుకాణంల అడుగుండ్రి. 6,000 అనుకుందాం. అన్నీ మంచిగున్న పాతదానికి నేనైతే సగం కడత, అంటే 3,000. తీగలు మార్చుడుకు 400, బిరడలకు 700 అయితదనుకుంటే 1,900 మిగులుతది. అది న్యాయమైన రేటు. మెడ వంగినా, పెట్టె కుంగినా, చవక మాండలిన్‌ల ఆ రిపేరు ఖర్చు వాద్యం రేటునే దాటొచ్చు. అది గోడకు తగిలిచ్చుకునేటందుకే.

కొందరు అంటరు, "అమ్మే ముసలమ్మకు దాని ఇలువ తెల్వదు, 500 ఇచ్చి తెచ్చుకుంటే పాయె" అని. నాకు ఈ మాటే నచ్చది. మన పత్తి సీసీఐ కేంద్రానికి తీస్కపోతే తేమ చూస్తరు. 8 శాతం దాకా పూర్తి మద్దతు ధర, ఆపైన 12 దాకా కోత, అది దాటితే కొనరు. ఆ కోత మనకు నచ్చకపోయినా లెక్క మనకు తెలుసు. దళారి అట్ల కాదు. గుప్పెట్ల పట్టి "తడి ఉంది" అని నోటికొచ్చిన రేటు చెప్తడు. మనకు కడుపు మండేది కోతకు కాదు, లెక్క చెప్పకుండ కోసినందుకు.

మరి నాచారంల ఒక ముసలమ్మ, పోయిన పెనిమిటి మాండలిన్ ముందర పెట్టి "ఎంతిస్తవు బిడ్డా" అంటే, మనం ఆ దళారి అయితమా? ఆమె 5,000 అడిగితే లోపాలు ఒక్కొక్కటి చూపెట్టి 1,900 చెప్పుదాం. ఆమె 500 అడిగితే గదే లెక్క చూపెట్టి 1,900 ఇద్దాం. తెలివి ఉన్నోడు తెల్వనోళ్లను ముంచుడు బేరం కాదు. అట్ల తెచ్చిన వాద్యం మీద భజన చేసి ఏం ఫాయిదా?

ఏండ్లనుంచి మన పంటకు రేటు ఎవరో కడుతున్నరు. రేటు కట్టే వంతు మనకొచ్చిన నాడు, మనకు ఎట్ల కట్టాలని కోరుకున్నమో గట్లనే కడదాం.