పెరటిమడిలో పొరుగువారి వాటా

టమోటా అనగానే దేశమునకు మదనపల్లె గుర్తుకు వచ్చును. ఇచ్చటి మార్కెట్టునుండి లారీలు రాష్ట్రములు దాటి పోవును. అయినను 2023 జూలైలో మేలురకము టమోటా ధర ఇదే మార్కెట్టులో కిలో 150 రూపాయలు దాటినప్పుడు, పండించు సీమలోని పేదలే దానిని కొనలేకపోయిరి. మరికొన్ని కార్లలో కోతకూలియైనను దక్కక రైతులు పంటను రోడ్డుపక్కన పారబోసిరి. పంట ఉన్నంత మాత్రమున ఊరికి తిండి భద్రత కలుగదని ఈ రెండు దృశ్యములును చాటుచున్నవి. పుంగనూరు, కుప్పము వీధులలో దినకూలిపై బ్రతుకు కుటుంబములకును ఇది తెలిసిన కష్టమే.

ఇట్టి కష్టమునకు జనులు తామే వెదకుకొన్న మార్గములున్నవి. సోవియట్ సహాయము నిలిచిపోయిన పిమ్మట, 1990 దశకమున, క్యూబా రాజధాని హవానా పౌరులు ఖాళీ స్థలములలో కూరగాయలు పండించిరి. అదే దశకమున మన జహీరాబాదు ప్రాంతమున డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళా సంఘములు బీడు భూములను సాగులోనికి తెచ్చి, పండిన జొన్నలను ఊరిలోనే నిలువజేసినవి. ఏ ఇల్లు ఎంత పేదదో ఊరివారే కూర్చుండి నిర్ణయించి, చౌకధరకు ఆ గింజలను పంచుకొనిరి.

మన మూడు పట్టణములలోని కళాశాలలును, మసీదు, గుడి, చర్చి ఆవరణలును ఇట్టి పనికి అనువైనవే. ఆకుకూరలు నాలుగు వారములలో కోతకు వచ్చును. వంగ, బెండ, చిక్కుడు కొద్ది చోటనే కాయును. నీరెక్కడిదని పెద్దలు అడుగవచ్చును. వజూ చేయునప్పుడు జారిపోవు నీరు సబ్బు కలియనిది. చిన్న కాలువ తీసి దానిని మడులకు మళ్లింపవచ్చును. పుంగనూరు ఆవు పొట్టిది. కొద్దిపాటి మేతతోనే పాలిచ్చును. చిన్న మడియు అట్టిదే.

మడి బియ్యము నీయజాలదు; చౌకధరల దుకాణమునకు అది బదులు కాదు. వేసవి సెలవులలో విద్యార్థులు ఊళ్లకు పోగా మొక్కలెండుననుటయు నిజమే. కనుకనే పొరుగు వీధి స్త్రీలను ఇందులో భాగస్వాములుగ చేర్చుకొనవలెనని మా మనవి. పని ఇరువురిది, పంటయు ఇరువురిది. మొదటి కోత మాత్రము, కులమతములు అడుగక, ఆ వీధిలో మిక్కిలి ఇబ్బందిలోనున్న ఇంటికి చేరవలెను.

నాటిన మొక్కనుండి మనిషి గాని పక్షి గాని తిన్నదెల్ల నాటినవారికి దానముగ లెక్కింపబడునని ప్రవక్త బోధ. అన్నదానమును మించిన దానము లేదని తెలుగువారి నానుడి. ఉర్దూ తెలుగులు రెండును చదువు మనకు ఇది ఒకే పాఠము. కళాశాల కమిటీవారు వచ్చు వర్షాకాలమునకు ముందే ఆవరణలో ఒక మూల స్థలమును కేటాయింతురు గాక! గడ్డపార పట్టుటకు మేము సిద్ధముగ నున్నాము.